చిప్పుల సంఘానికి పెద్దగా ఎవరిని పెట్టుకుంటారు?

చదువు, కొలువు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరండి. రైస్ మిల్లు ఉంది. మా అమ్మాయి కాకినాడలో ఈసీఈ మూడో సంవత్సరం. మొన్న సెలవులకొచ్చినప్పుడు, "ఫోన్లలో, కంప్యూటర్లలో ఉండే చిప్పులు చేసే కంపెనీలన్నీ కలిసి అమెరికాలో సంఘం పెట్టుకున్నాయట నాన్నా, దాన్ని నడిపే ఆయన ఇంజనీరే కాదట" అంది. అప్పటినుంచి నాకు అదే ఆలోచనండి. చిప్ తయారు చెయ్యడం తెలియని మనిషి చిప్పుల సంఘానికి పెద్ద ఎలా అవుతాడు? ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళు ఏం చదువుతారు, ఎక్కడెక్కడ పనిచేసి అక్కడికి చేరతారు? మా అమ్మాయి లాంటి పిల్లలకు అటు దారి ఉందంటారా?

జవాబు: మీ అమ్మాయి విన్నది నిజమేనండి. ఆ సంఘం పేరు సెమీకండక్టర్ ఇండస్ట్రీ అసోసియేషన్, పొట్టిగా ఎస్‌ఐఏ. ఆఫీసు వాషింగ్టన్‌లో. 2010ల మధ్య నుంచి దాన్ని నడిపించిన జాన్ న్యూఫర్ చిప్ ఫ్యాక్టరీలో పైకొచ్చిన మనిషి కాదు. ఆయన టోక్యోలో ఏళ్ళ తరబడి ఉన్నారు. మిత్సుయి కైజో అనే బీమా కంపెనీకి ఉన్న పరిశోధన సంస్థలో జపాన్ రాజకీయాల విశ్లేషకుడుగా పనిచేశారు. తర్వాత అమెరికా ప్రభుత్వ వాణిజ్య ప్రతినిధి కార్యాలయంలో చేరి జపాన్ వ్యవహారాలు, ఆసియా పసిఫిక్ దేశాల వేదిక ఎపెక్ వ్యవహారాలు చూశారు. అక్కణ్ణుంచి ఐటీ కంపెనీల సంఘంలో విదేశీ విధానాల బాధ్యత. చిప్పుల సంఘం ఆ తర్వాతే.

మిల్లు నడిపేవారు కాబట్టి మీకు ఇది వెంటనే అర్థమవుతుంది. మిల్లర్ల సంఘానికి అధ్యక్షుడంటే సాధారణంగా మిల్లు యజమానే. కానీ ప్రభుత్వ ధాన్యం ఆడించిన డబ్బులు రాకపోతేనో, బ్యాంకు గ్యారంటీ నిబంధన మారితేనో అందరూ వెతికేది వేరే మనిషిని. ఏ జీవో ఎప్పుడొచ్చింది, సివిల్ సప్లయిస్ ఆఫీసులో ఫైలు ఎవరి దగ్గర ఆగింది అని తెలిసినవాణ్ణి. ఎస్‌ఐఏలో కూడా ఇలాగే రెండు కుర్చీలున్నాయి. చైర్మన్‌ని సభ్య కంపెనీల సీఈఓల్లోంచే ఎన్నుకుంటారు, ఏడాదికొకరు మారుతుంటారు. ప్రెసిడెంట్ మాత్రం జీతం తీసుకుని రోజూ ఆ పనే చేసే మనిషి. మీ అమ్మాయి విన్నది ఈ రెండో కుర్చీ గురించి.

మొదట్లో ఇలా లేదు. 1977లో ఈ సంఘాన్ని పెట్టినవాళ్ళు అయిదుగురూ చిప్ కంపెనీల పెద్దలే. ఇంటెల్ నుంచి రాబర్ట్ నాయిస్, ఏఎండీ నుంచి జెర్రీ శాండర్స్, నేషనల్ సెమీకండక్టర్ నుంచి చార్లీ స్పోర్క్, ఫెయిర్‌చైల్డ్ నుంచి విల్ఫ్రెడ్ కారిగన్, మోటరోలా నుంచి జాన్ వెల్టీ. వీళ్ళలో నాయిస్ ఎంఐటీలో ఫిజిక్స్ డాక్టరేట్ చేసి, ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్, అంటే ఇవాళ మనం చిప్ అనేదాన్ని, కనిపెట్టినవారిలో ఒకరిగా పేరు తెచ్చుకున్న మనిషి. స్పోర్క్ మెకానికల్ ఇంజనీరు, ఫెయిర్‌చైల్డ్‌లో ఉత్పత్తి చూసినవాడు. శాండర్స్ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి అమ్మకాల్లో పేరు తెచ్చుకున్నాడు. మార్కెట్లో ఒకరి గిరాకీ ఒకరు లాక్కునేవాళ్ళే వీళ్ళంతా. అయినా ఒక బల్ల చుట్టూ కూర్చోవడానికి కారణం జపాన్. మెమరీ చిప్పుల్లో జపాన్ కంపెనీలు తక్కువ ధరకు, మంచి నాణ్యతతో ముందుకు దూసుకొస్తున్నాయి. అది ఏ ఒక్క కంపెనీ తట్టుకోగలిగేది కాదు.

ఇంజనీర్లు పెట్టిన ఆ సంఘం చేసిన పెద్ద పనులేవో చూడండి. 1985 జూన్‌లో పరాయి దేశం వ్యాపారంలో అన్యాయం చేస్తే చర్య తీసుకోమని అడిగే వీలున్న అమెరికా వాణిజ్య చట్టం సెక్షన్ 301 కింద జపాన్ మీద పిటిషన్ వేసింది. 1986లో రెండు దేశాల మధ్య సెమీకండక్టర్ ఒప్పందం కుదిరింది. అది సరిగ్గా అమలు కావడం లేదని 1987 ఏప్రిల్‌లో రీగన్ ప్రభుత్వం 30 కోట్ల డాలర్ల విలువైన జపాన్ సరుకుల మీద 100 శాతం సుంకం వేసింది. ఇందులో ఏ అడుగు వెయ్యాలన్నా చట్టం, సుంకం, దౌత్యం తెలిసిన లాయర్లు పక్కన ఉండాల్సిందే. సంఘం తరఫున వాదించిన అలన్ వుల్ఫ్ అంతకుముందు ప్రభుత్వంలో ఉప వాణిజ్య ప్రతినిధిగా చేసినవాడు. తర్వాత కాలంలో ప్రపంచ వాణిజ్య సంస్థకు డిప్యూటీ డైరెక్టర్ జనరల్ అయ్యాడు. న్యూఫర్ లాంటి వాళ్ళకు దారి అప్పుడే పడిందని నేననుకుంటాను.

నాయిస్ గురించి ఇంకొక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 1987లో పద్నాలుగు కంపెనీలు, అమెరికా రక్షణ శాఖ కలిసి టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో సెమాటెక్ అనే ఉమ్మడి పరిశోధన సంస్థ పెట్టాయి. ప్రభుత్వం ఏడాదికి 10 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. దాన్ని నడిపే పెద్దమనిషి కోసం వెతికారు, వెతికారు, దొరకలేదు. చివరికి 1988లో నాయిసే ఒప్పుకుని కాలిఫోర్నియాలో ఇల్లు వదిలి టెక్సాస్ వెళ్ళాడు. అప్పటికే ఆయనకు డబ్బు, పేరు, దేనికీ లోటు లేదు. 1990 జూన్‌లో ఆస్టిన్‌లోనే గుండెపోటుతో పోయాడు. కంపెనీ పెట్టి గెలిచినవాళ్ళ గురించి మన పిల్లలకు చాలామంది చెబుతారు. పరిశ్రమ అందరిదీ అనుకుని చివరి రోజులు ఇచ్చేసిన ఈ సంగతి కూడా చెప్పాలని నాకు గట్టిగా ఉంటుంది.

ఇక జీతం తీసుకునే ప్రెసిడెంట్ల వరుసలోకి వద్దాం. 1997లో వచ్చి పదేళ్ళకు పైగా ఆ కుర్చీలో ఉన్న జార్జ్ స్కాలీస్ పర్‌డ్యూలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. మోటరోలా, ఫెయిర్‌చైల్డ్, ఏఎండీ, నేషనల్ సెమీకండక్టర్, ఆ తర్వాత ఆపిల్‌లో పెద్ద పదవి. నాకు ఇందులో అన్నిటికంటే విలువైనది అన్ని కంపెనీలు మారడమే అనిపిస్తుంది. ఎందుకంటే సంఘంలో ఉన్నవాళ్ళంతా బయట పోటీదారులు. నేను బెంగళూరులో చిప్ డిజైన్ కంపెనీలో పనిచేసే రోజుల్లో మా కంపెనీ తరఫున ఇలాంటి సంఘాల మీటింగులకు వెళ్ళేవాణ్ణి. మీటింగ్ మొదలయ్యే ముందు లాయరు ఒక కాగితం పైకి చదివేవాడు: ఇక్కడ ధరల గురించి మాట్లాడకూడదు, ఏ కస్టమర్‌కి ఎంత అమ్ముతున్నారో చెప్పకూడదు, ఎవరు ఏ మార్కెట్ తీసుకోవాలో పంచుకోకూడదు. పోటీ చట్టాలకు అంత భయం. అలాంటి గదిలో మధ్యన కూర్చున్న మనిషి ఏ ఒక్క కంపెనీకో చెందినవాడు అనిపిస్తే మిగతావాళ్ళు నోరు విప్పరు. నాలుగైదు కంపెనీల ఉప్పు తిన్నవాడైతే నమ్ముతారు. అసలు ఏ చిప్ కంపెనీతోనూ సంబంధం లేనివాడైతే ఇంకా తేలిక.

స్కాలీస్ తర్వాత వచ్చిన బ్రయాన్ టూహీ మందుల కంపెనీల సంఘం నుంచి వచ్చారు. మందులకూ చిప్పులకూ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. రెండిటికీ పేటెంట్లే ప్రాణం, రెండిటికీ విదేశీ మార్కెట్లే ఆదాయం, రెండూ కొత్త సరుకు కోసం పరిశోధన మీద విపరీతంగా ఖర్చు పెడతాయి. వాషింగ్టన్‌లో మాట్లాడాల్సిన మాటలు దాదాపు ఒకటే. ఆయన తర్వాత న్యూఫర్.

ఈ వరుస మొత్తం కలిపి చూస్తే నాకు కనిపించేది ఇది: సంఘం ఎవర్ని తెచ్చి కూర్చోబెట్టిందో చూస్తే, ఆ రోజుల్లో పరిశ్రమకు దేని గురించి బెంగ ఎక్కువో తెలిసిపోతుంది. కంపెనీలే మునిగిపోతాయేమో అన్నప్పుడు యజమానులే వచ్చారు. జపాన్‌తో ఒప్పందం 1996లో ముగిసి, దేశదేశాల చిప్ సంఘాలు కలిసి వరల్డ్ సెమీకండక్టర్ కౌన్సిల్‌గా ఏర్పడిన రోజుల్లో ఫ్యాక్టరీల్లో తలపండినవాడు వచ్చాడు. అమ్మకాల్లో పెద్ద వాటా విదేశాలదై, చైనాతో పేచీలు ముదిరి, ఎవరికి ఏ చిప్ అమ్మాలో ప్రభుత్వమే చెప్పే రోజులొచ్చేసరికి చర్చల బల్ల దగ్గర పెరిగినవాడు కావాల్సొచ్చాడు. 2022 ఆగస్టులో చిప్ పరిశ్రమకు ప్రభుత్వ సాయంగా 52.7 బిలియన్ డాలర్ల చిప్స్ చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో చైనాకు ఆధునిక చిప్పులు, వాటి తయారీ యంత్రాల ఎగుమతి మీద ఆంక్షలొచ్చాయి. ఒకటి పరిశ్రమ అడిగి తెచ్చుకున్నది, ఇంకొకటి నెత్తిన పడ్డది. రెండిటికీ అదే మనిషి జవాబు చెప్పుకోవాలి.

మీ అమ్మాయికి నచ్చే మనిషి ఇంకొక సంఘాన్ని నడిపించారు. చిప్ తయారీకి కావలసిన యంత్రాలు, రసాయనాలు, వేఫర్లు (చిప్పులు చెయ్యడానికి వాడే పల్చటి సిలికాన్ బిళ్ళలు) అమ్మే కంపెనీల సంఘం పేరు సెమీ. 1970లో పుట్టింది, ప్రధాన కార్యాలయం కాలిఫోర్నియాలోని మిల్పిటాస్. 2017లో దానికి పెద్దగా వచ్చిన అజిత్ మనోచా మన దేశంలో పుట్టిపెరిగి, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చదివి, కాన్సస్ స్టేట్‌లో ఫిజికల్ కెమిస్ట్రీలో ఎంఎస్ చేశారు. బెల్ ల్యాబ్స్‌లో పరిశోధకుడిగా మొదలై చిప్ తయారీ పద్ధతుల మీద పేటెంట్లు తీసుకున్నారు. తర్వాత ఫిలిప్స్ సెమీకండక్టర్స్, అదే ఎన్‌ఎక్స్‌పీ అయ్యాక అక్కడ తయారీ విభాగం మొత్తం చూశారు. స్పాన్షన్ తర్వాత 2011 నుంచి కొన్నేళ్ళు గ్లోబల్‌ఫౌండ్రీస్ అనే చిప్ తయారీ కంపెనీకి సీఈఓ. సెమీ చేసే పనిలో పెద్ద భాగం ప్రమాణాలు రాయడం. వేఫర్ కొలతలు ఇంత ఉండాలి, యంత్రం ఫ్యాక్టరీ కంప్యూటర్‌తో ఈ భాషలోనే మాట్లాడాలి అని. ఆ పనికి ఫ్యాబ్, అంటే చిప్ ఫ్యాక్టరీ, నేల మీద నడిచినవాడే కావాలి. అయితే ఆయనకు ముందున్న డెన్నీ మెగర్క్ వచ్చింది ఎలక్ట్రానిక్స్ సర్క్యూట్ బోర్డుల సంఘం ఐపీసీ నుంచి. అంటే సంఘం నడపడమే వృత్తిగా ఉన్న మనిషి. కాబట్టి ఇదే రూలని గీత గీయడానికి లేదు.

దారి ఉందా అన్నారు. ఉందండి, కానీ చదువు అవ్వగానే కాదు. ముందు ఆరేడేళ్ళయినా డిజైన్‌లోనో, టెస్టింగ్‌లోనో, ప్యాకేజింగ్‌లోనో (తయారైన చిప్‌ని తొడుగులో బిగించే పని) నిజమైన పని చెయ్యనివ్వండి. 2025 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన యూనిట్లలో మన ఆంధ్రప్రదేశ్‌కి వచ్చిన ప్యాకేజింగ్ యూనిట్ కూడా ఉంది. అలాంటి చోట చేరితే ఇంకా మంచిది. ఆ తర్వాత కంపెనీలో ప్రమాణాల కమిటీకి ఎవరో ఒకర్ని పంపాల్సి వస్తుంది, ఎవరూ ముందుకు రారు, అది ప్రమోషన్ ఇచ్చే పని కాదని. మీ అమ్మాయిని చెయ్యెత్తమనండి. సంఘాలవాళ్ళు మనుషుల్ని చూసుకునేది అక్కడే.

ప్రశ్న: మాది అమలాపురం. బీఏ పొలిటికల్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నానండి. మీరు ఎప్పుడూ ఇంజనీరింగ్ పిల్లలకే చెబుతారు. చిప్పుల రంగంలో మా లాంటి వాళ్ళకు చోటు ఉంటుందా, లేక ఆశ వదులుకోమంటారా?

జవాబు: ఆశ వదులుకోవద్దు తల్లీ. సొంత ఫ్యాక్టరీ లేకుండా డిజైన్ మాత్రమే చేసే చిప్ కంపెనీలకు 1994లో ఒక సంఘం వచ్చింది. 2007లో అది గ్లోబల్ సెమీకండక్టర్ అలయన్స్‌గా మారింది. దాన్ని మొదటినుంచీ కట్టుకొచ్చిన మనిషి జోడీ షెల్టన్. ఆవిడ చదివింది పొలిటికల్ సైన్సే. అప్పట్లో ఫ్యాక్టరీ లేనిదీ ఒక చిప్ కంపెనీయేనా అని పెద్దవాళ్ళు తీసిపారేసేవారు. ఏఎండీ జెర్రీ శాండర్స్ అయితే మగాడన్నవాడికి సొంత ఫ్యాబ్ ఉండాలన్న అర్థంలో మాట్లాడినట్టు పరిశ్రమలో అందరికీ తెలుసు. ఆ మాటల మధ్య ఫ్యాక్టరీ లేనివాళ్ళందర్నీ ఒకచోట చేర్చి నిలబెట్టింది ఒక పొలిటికల్ సైన్స్ ఆవిడ.

నీకు కావలసింది మూడు విషయాల మీద పట్టు. ఒకటి వాణిజ్య చట్టం. కస్టమ్స్ భాషలో ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లకు 8542 అని ఒక నంబరు ఉంది. 1996లో సింగపూర్‌లో కుదిరిన ఐటీ ఒప్పందం వల్ల ఆ నంబరు కింద వచ్చే సరుకు మీద చాలా దేశాల్లో సుంకం సున్నా అయింది. మన దేశం కూడా అందులో చేరింది. 2015లో దాన్ని విస్తరించినప్పుడు మాత్రం మనం చేరలేదు. ఎందుకు చేరాం, ఎందుకు చేరలేదు అని నువ్వు నాలుగు పేజీలు సొంతంగా రాయగలిగిన రోజున నీతో మాట్లాడటానికి ఈ రంగంవాళ్ళు ఇష్టపడతారు. రెండోది జపనీస్, చైనీస్, కొరియన్‌లలో ఏదో ఒక భాష. న్యూఫర్ ఎదగడానికి టోక్యోలో గడిపిన ఏళ్ళే పునాది. మూడోది చిప్ ఎలా తయారవుతుందో మామూలు మాటల్లో చెప్పగలగడం. డిజైన్ ఒక దేశంలో, ఫ్యాబ్ ఇంకో దేశంలో, ప్యాకేజింగ్ మరో దేశంలో ఎందుకు జరుగుతుందో తెలియకుండా సుంకాల గురించి మాట్లాడలేం.

ఢిల్లీ దాకా వెళ్ళక్కర్లేకుండా మన పక్కనే ఒక అవకాశం ఉంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్ 2022 సెప్టెంబర్‌లో కాకినాడలో క్యాంపస్ తెరిచింది. అక్కడ ఇంటర్ తర్వాత చేరే అయిదేళ్ళ కోర్సు ఉంది. నీకు తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళకు చెప్పు. నీకైతే డిగ్రీ అయ్యాక ఆ సంస్థవాళ్ళ అంతర్జాతీయ వాణిజ్యం ఎంబీఏ ఉంది. ప్రవేశ పరీక్ష ఉంటుంది, పోటీ గట్టిగానే ఉంటుంది. లెక్కలు వదిలేశానని టెన్షన్ పడకుండా ఈ ఏడే మొదలుపెట్టు.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి సంఘం ఉందా? దానికి కూడా విదేశీ వ్యవహారాలవాళ్ళే పెద్దలా? (పాలకొల్లు నుంచి రిటైర్డ్ లెక్చరర్)

జవాబు: ఉందండి. 2005లో బెంగళూరులో ఇండియా సెమీకండక్టర్ అసోసియేషన్‌గా మొదలై, 2012లో ఎలక్ట్రానిక్స్‌ను కూడా కలుపుకుని ఐఈఎస్‌ఏ అయింది. దీన్ని నడిపినవాళ్ళలో ఎంఎన్ విద్యాశంకర్ కర్ణాటక కేడర్ ఐఏఎస్ అధికారి. ఐటీ, పరిశ్రమల శాఖల్లో పెద్ద హోదాలు చూసినవారు. అప్పట్లో మన దగ్గర పెద్ద ఎత్తున చిప్ తయారీ లేదు, డిజైన్ మాత్రమే. పరిశ్రమకు కావలసిందల్లా ప్రభుత్వం వైపు నుంచి కదలిక. ఫైలు ఎలా నడుస్తుందో తెలిసిన మనిషి అందుకు పనికొస్తాడు. తర్వాత వచ్చిన కృష్ణమూర్తి నేషనల్ సెమీకండక్టర్, రాంబస్ భారత విభాగాలను నడిపినవారు. అశోక్ చందక్ ఎన్‌ఎక్స్‌పీ మనిషి. ఈ మధ్యలో దేశం మారింది. 2021 డిసెంబర్‌లో 76,000 కోట్ల సెమీకండక్టర్ పథకం ప్రకటించారు. గుజరాత్‌లో సానంద్‌కి అమెరికా చిప్ కంపెనీ మైక్రాన్, ధోలేరాకి టాటా వచ్చాయి. ఫ్యాక్టరీ మాట నిజం కాగానే కంపెనీల్లో పనిచేసినవాళ్ళు ముందుకొచ్చారు. 2024లో ఐఈఎస్‌ఏ పైన చెప్పిన సెమీతో చేయి కలిపింది కూడా.

ప్రశ్న: వీళ్ళకు జీతాలు ఎవరిస్తారు? ఎంత ఉంటాయి? (మండపేట)

జవాబు: సభ్య కంపెనీలు కట్టే చందాల నుంచి. అమెరికాలో ఇలాంటి సంఘాలు లాభాపేక్ష లేని సంస్థలు. ఏటా ఆదాయపన్ను శాఖకు ఫారం 990 దాఖలు చెయ్యాలి. అందులో పెద్దలకు ఎంత ఇచ్చారో పేరు పేరునా రాయాలి, అది ఎవరైనా చూడవచ్చు. మన దేశంలో సంఘాలకు కూడా ఇంత బహిరంగత ఉంటే బాగుంటుందని నా గట్టి కోరిక.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నానండి. అమెరికా సుంకం 50 శాతం అన్నప్పుడు మాకు ధర చెప్పే నాథుడు లేడు. చిప్పులవాళ్ళకు ఉన్నట్టు మాకూ వాణిజ్యం తెలిసిన మనిషి ఉంటే ఏమైనా ఉపయోగం ఉండేదా?

జవాబు: 2025 ఆగస్టులో వేసిన సుంకం ఒక దేశాధ్యక్షుడి నిర్ణయం. దాన్ని ఏ సంఘం ఆపలేదు, చిప్పులవాళ్ళైనా ఆపలేరు. కానీ మీరు మర్చిపోకూడని పాత సుంకం ఇంకొకటుంది. అక్కడ మనిషి ఉంటే ఉపయోగం ఉంది.

2003 చివరి రోజున అమెరికా రొయ్యల వేటగాళ్ళు ఇండియాతో కలిపి ఆరు దేశాల మీద యాంటీ డంపింగ్ కేసు వేశారు, అంటే సరుకును న్యాయమైన ధర కంటే తక్కువకు తెచ్చి అమ్ముతున్నారని. 2005లో సుంకం ఉత్తర్వులు వచ్చాయి. 1985 జూన్‌లో పైన చెప్పిన మైక్రాన్ జపాన్ మెమరీ చిప్పుల మీద వేసింది కూడా సరిగ్గా ఈ చట్టం కిందే. ఈ కేసు ఒకసారి తేలిపోయేది కాదు. అమెరికా వాణిజ్య శాఖ ఏటా సమీక్ష చేస్తుంది. కొన్ని కంపెనీలను ఎంచి వాటి అమ్మకాల లెక్కలన్నీ అడుగుతుంది. ఆ లెక్కల మీద తేలిన శాతమే మిగతా చాలామంది ఎగుమతిదారులకూ పడుతుంది. అంటే ఎవరో కంపెనీ ఇన్‌వాయిస్ సరిగ్గా పెట్టకపోయినా, గడువు దాటబెట్టినా దాని బరువు మీ చెరువు గట్టు దాకా వస్తుంది. మన వైపు ఎగుమతిదారుల సంఘం లాయర్లను పెట్టుకుని దీని మీద పోరాడుతూనే ఉంది. లోటల్లా ఆ గదిలో రైతు తరఫున కూర్చునేవాడు లేకపోవడం.

మీ రైతు సంఘం ఒక పని చెయ్యవచ్చు. డిగ్రీ చదివి వాణిజ్య చట్టం నేర్చుకోవాలనుకునే పిల్లను గానీ పిల్లవాణ్ణి గానీ ఒకర్ని పట్టుకోండి. పైన ఉత్తరం రాసిన అమలాపురం అమ్మాయి లాంటివాళ్ళు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. చదువు ఖర్చులో కొంత భరించండి. ఏటా వచ్చే సమీక్ష ఉత్తర్వు అమెరికా ప్రభుత్వ గెజిట్ ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చవుతుంది, ఉచితంగా చదువుకోవచ్చు. అది చదివి, ఈసారి ఏ కంపెనీలను ఎంచారు, శాతం ఎంత తేలింది, ఎందుకు తేలింది అని తెలుగులో రెండు పేజీలు రాసి ప్రతి చెరువు రైతుకూ అందేలా చెయ్యమనండి.